పాత ట్రాన్సిస్టర్ బాస్ ఆంప్: ఔట్‌పుట్‌లు కొత్తవి వేసినా స్విచ్ వేయగానే ఫ్యూజు పోతోంది

నాలుగుతీగలు
1970ల నాటి అమెరికన్ బాస్ హెడ్ (బాస్ గిటారు ఆంప్లిఫయర్ పెట్టె, స్పీకర్లు విడిగా). ట్యూబులు లేవు, అంతా ట్రాన్సిస్టర్లే. వెనక ప్లేటు మీద 120 వోల్టులు, 60 హెర్ట్జ్, 4 ఓముల మీద 200 వాట్లు అని ఉంది. వైజాగ్‌లో స్టెప్‌డౌన్ ట్రాన్స్‌ఫార్మర్ మీద నడుస్తోంది. వాయిస్తుండగా టప్పుమని ఆగింది. 5 ఆంపియర్ల ఫ్యూజు గాజు నల్లబడిపోయింది. విప్పితే హీట్‌సింక్ (వేడి లాగే లోహపు దిమ్మ) మీద నాలుగు టీఓ-3 (లోహపు డబ్బా) ఔట్‌పుట్ ట్రాన్సిస్టర్లు. వాటి మీద ఉన్నవి కంపెనీ సొంత నంబర్లు, ఏ డేటాషీటులోనూ దొరకట్లేదు. రెండింటికి కలెక్టర్-ఎమిటర్ షార్ట్. నాలుగూ పీకేసి కొత్త 2ఎన్3055లు వేశాను. స్విచ్ వేయగానే ఫ్యూజు పోయింది, ఈసారి నాలుగూ షార్ట్. ఇంకో సెట్టు కొనే ముందు బోర్డులో ఏమేం చూడాలి? సర్క్యూట్ బొమ్మ లేదు. మీటరు ఉంది, స్కోప్ (తరంగాన్ని చూపించే ఆసిలోస్కోప్) లేదు.

సీరీస్_బల్బు
సీరీస్ బల్బు పెట్టే స్విచ్ వేశారా?

నాలుగుతీగలు
లేదు.

సీరీస్_బల్బు
అక్కడే నాలుగు ట్రాన్సిస్టర్లు పోయాయి. 230 వోల్టుల 100 వాట్ల ఫిలమెంటు బల్బు ఒకటి, హోల్డరు ఒకటి, ఫేజ్ తీగకు సీరీస్‌లో. లోపల ఎంత షార్ట్ ఉన్నా 0.43 ఆంపియర్లు మించి పోదు. స్విచ్ వేసినప్పుడు బల్బు ఒక్కసారి మెరిసి మసకబారితే మంచిది. మెరిసి అలాగే వెలుగుతూ ఉంటే వెంటనే ఆపెయ్యాలి. అంతే విద్య.

హమ్ముహమ్ము
ఎల్‌ఈడీ బల్బు పెడితే కరెంటు ఆదా కదా 😀

సీరీస్_బల్బు
@హమ్ముహమ్ము ట్రాన్సిస్టర్లు ఆదా కావు. వేడెక్కితే రెసిస్టెన్స్ పెరిగే గుణం ఫిలమెంటుకే ఉంది. ఎల్‌ఈడీ, సీఎఫ్‌ఎల్ రెండూ ఈ పనికి రావు.

ఓం_శాంతి
నాలుగుతీగలు గారూ, ఒక్క కొలత చెప్పండి. పోయిన నాలుగూ తీసేయండి, స్పీకరు పెట్టొద్దు, బల్బు సీరీస్‌లో ఉంచి స్విచ్ వేయండి. పెద్ద ఫిల్టర్ కెపాసిటర్ల మీద ఛాసీకి (లోహపు పెట్టెకు) ప్లస్ ఎంత, మైనస్ ఎంత? కొలిచాక ఆపేసి, 1 కిలోఓం 5 వాట్ల రెసిస్టరుతో ఒక్కో కెపాసిటర్ని అర నిమిషం డిశ్చార్జ్ చేయండి. స్క్రూడ్రైవరు అడ్డం పెట్టి టప్పుమనిపించే అలవాటుంటే ఇవాళ మానేయండి. టెర్మినల్ లోపలి అతుకు ఊడుతుంది.

కోఠి_గల్లీ
అన్నా, గా 3055లు ఏడ తెచ్చినవ్? మార్కెట్ల ఇప్పుడు సగం మీద అచ్చు ఒకటి, లోపల ఇంకొకటి.

నాలుగుతీగలు
లోకల్ షాపులోనే. బల్బు మసకగానే ఉంది. ప్లస్ 44, మైనస్ 44. ట్రాన్స్‌ఫార్మర్, బ్రిడ్జి (ఏసీని డీసీ చేసే డయోడ్లు) బాగున్నట్టేనా?

ఓం_శాంతి
అవి బాగున్నట్టే. కానీ 3055 వేయడమే తప్పు. దాని కలెక్టర్-ఎమిటర్ పరిమితి 60 వోల్టులు. పైవైపు ట్రాన్సిస్టరు పూర్తిగా తెరుచుకుంటే ఔట్‌పుట్ లైను ప్లస్ 44 దగ్గరకు పోతుంది, కింది దాని ఒక కాలు మైనస్ 44 మీద ఉంటుంది. అంటే కింది దాని మీద 88 వోల్టులు. 60 వోల్టుల సరుకు అక్కడ నిలవదు. ఒరిజినల్ నంబరు తెలియకపోయినా వోల్టేజీ చూస్తే 2ఎన్3773 తరగతి అయి ఉంటుంది. అది 140 వోల్టులు, 16 ఆంపియర్లు, 150 వాట్లు.

మైకా_పేస్టు
లెక్క సరే గానీ, స్విచ్ వేయగానే పోవడానికి అది కారణం కాదు. సిగ్నల్ లేనప్పుడు ఒక్కోదాని మీద 44 వోల్టులే. 60 వోల్టులది అప్పటికి బతకాలి, గట్టిగా వాయించినప్పుడు చావాలి. పెట్టగానే చచ్చాయంటే రెండు వైపులూ ఒకేసారి తెరుచుకున్నాయి. డ్రైవరు (ఔట్‌పుట్‌లను నడిపే చిన్న ట్రాన్సిస్టరు) షార్ట్ అయినా అయి ఉండాలి, బయాస్ (సిగ్నల్ లేనప్పుడు అవి ఎంత తెరుచుకోవాలో పట్టి ఉంచేది) అయినా ఓపెన్ అయి ఉండాలి. 3773 వేసి ఉన్నా ఇదే జరిగేది.

ఓం_శాంతి
ఒప్పుకుంటున్నా. రెండు తప్పులున్నాయి, నేను రెండోదాన్ని పట్టుకున్నాను.

హమ్ముహమ్ము
ఈ ఫోరంలో ఒకరు ఒప్పుకోవడం ఇదే మొదటిసారి, స్క్రీన్‌షాట్ తీశా.

మైకా_పేస్టు
నాలుగుతీగలు గారు బొమ్మ లేదన్నారు కాబట్టి వివరంగా చెబుతాను. నాలుగు టీఓ-3ల మీదా ఒకే నంబరు ఉందంటే అన్నీ ఎన్‌పీఎన్‌లే (బేస్‌కు ప్లస్ ఇస్తే తెరుచుకునే రకం, పీఎన్‌పీ దానికి తిరగేసింది). అప్పట్లో పెద్ద పీఎన్‌పీ సిలికాన్ ట్రాన్సిస్టర్లు ఖరీదు, నమ్మకమూ తక్కువ. అందుకే కిందివైపు కూడా ఎన్‌పీఎన్ పెట్టి, దానికి ముందు చిన్న పీఎన్‌పీ డ్రైవరుతో తిప్పేవారు. దీన్నే క్వాజీ కాంప్లిమెంటరీ అంటారు. ఇలా పోల్చుకోండి: రెండు టీఓ-3ల ఒళ్ళు ప్లస్ 44కి కలిసి ఉంటుంది, మిగతా రెండింటి ఒళ్ళు స్పీకర్ లైనుకు.

పవర్ తీసేసి, కెపాసిటర్లు ఖాళీ చేసి, మీటరు డయోడ్ రేంజిలో పెట్టి ఈ వరుసలో చూడండి.

ఎమిటర్ రెసిస్టర్లు ముందు. తెల్ల సిమెంటు ముక్కలు నాలుగు ఉంటాయి, 0.33 ఓములో 0.22 ఓములో, 5 వాట్లవి. పైకి పగలకపోయినా లోపల తెగి ఉంటాయి. ఒకటి తెగితే ఆ జత భారమంతా రెండోదే మోస్తుంది.

తర్వాత డ్రైవర్లు. బేస్-ఎమిటర్ 0.55 నుంచి 0.65, కలెక్టర్-ఎమిటర్ ఏ వైపునా పలకకూడదు. బోర్డులో ఉండగా పక్క రెసిస్టర్లు మోసం చేస్తాయి, అనుమానం ఉంటే ఒక కాలు లేపి చూడండి. టీఓ-3 పోయేటప్పుడు దాని డ్రైవర్ని కూడా వెంట తీసుకుపోతుంది, ఎక్కువగా కిందివైపు పీఎన్‌పీని. బేస్-ఎమిటర్ మధ్య ఉండే 47 లేదా 100 ఓముల రెసిస్టర్లు కాలి రంగు మారాయేమో చూడండి.

ఆ తర్వాత బయాస్. హీట్‌సింక్‌కు క్లిప్పుతో పట్టించిన చిన్న ట్రాన్సిస్టరో రెండు మూడు డయోడ్లో ఉంటాయి. వాటి తీగలు 50 ఏళ్ళలో కొబ్బరీనెల్లా పెళుసెక్కుతాయి. టీఓ-3 పీకేటప్పుడు చెయ్యి తగిలి తెగితే బయాస్ ఆకాశానికి పోతుంది.

పాతరేడియో
పై పోస్టుకు ఒకటి కలుపుతా. రెండు టీఓ-3లు సమాంతరంగా ఉన్నప్పుడు ఒకటి షార్టైతే మీటరు రెండూ షార్టే అంటుంది. ఎమిటర్ రెసిస్టరు ఒక కాలు లేపితేగానీ దొంగ దొరకడు. మంచివి కూడా పారేస్తుంటారు ఇలాగే. ఆ మొదటి నాలుగింటిలో షార్ట్ కాని రెండూ దాచుకోండి.

నాలుగుతీగలు
మైకా_పేస్టు గారికి దండం. దొరికినవి: కిందివైపు పీఎన్‌పీ డ్రైవరు పూర్తి షార్ట్. రెండు 0.33 ఓముల రెసిస్టర్లు ఓపెన్. హీట్‌సింక్ మీది చిన్న ట్రాన్సిస్టరు మంచిదే, కానీ దాని బేస్‌కు పోయే తీగ బోర్డు దగ్గర తెగి ఉంది. బహుశా నేనే తెంపి ఉంటాను. దీనివల్లేనా?

మైకా_పేస్టు
దీనివల్లే. ఆ చిన్న ట్రాన్సిస్టరు రెండు డ్రైవర్ల బేస్‌ల మధ్య ఉండి వాటి ఎడాన్ని 1.7 నుంచి 2 వోల్టుల్లో పట్టి ఉంచుతుంది. ఈ అమరికలో దారిలో మూడే జంక్షన్లు: పై డ్రైవరు, పై ఔట్‌పుట్, కింది పీఎన్‌పీ డ్రైవరు. బేస్ తీగ తెగితే అది ఆగిపోతుంది, ఎడం పెరిగిపోయి పైనా కిందా రెండూ నిండా తెరుచుకుంటాయి. ప్లస్ నుంచి మైనస్‌కు నేరుగా రోడ్డు పడినట్టే.

హమ్ముహమ్ము
అంటే ఆంప్‌ని మొదట చంపింది వేరే, రెండోసారి చంపింది రిపేరు.

ఓం_శాంతి
@హమ్ముహమ్ము నవ్వకండి, బెంచి మీదకు వచ్చే వాటిలో ఇదే ఎక్కువ. కానీ మొదటిది ఎందుకు పోయిందో ఇంకా తేలలేదు. ఎన్ని క్యాబినెట్లు (స్పీకరు పెట్టెలు) తగిలించారు? ఎన్ని ఓములవి?

నాలుగుతీగలు
ఆ రోజు రెండు. వెనక రెండు జాకులున్నాయి కదా. రెండు క్యాబినెట్ల మీదా 4 ఓములనే ఉంది.

ఓం_శాంతి
రెండు జాకులూ సమాంతరంగా ఉంటాయి. 4, 4 కలిస్తే 2 ఓములు. 4 ఓములకు 200 వాట్లన్న దాని మీద 2 ఓములు పెడితే కరెంటు రెట్టింపు. జాకులు రెండున్నది 8 ఓములవి రెండు పెట్టుకోవడానికి. మొదటి చావు ఇక్కడ.

సీరీస్_బల్బు
క్యాబినెట్ అచ్చు కూడా నమ్మొద్దు, జాక్ దగ్గర మీటరు పెట్టి చూడండి. 4 ఓముల క్యాబినెట్ డీసీలో 3.2 నుంచి 3.5 చూపిస్తుంది. ఎవరో స్పీకరు మార్చి ఉంటే లెక్క తారుమారు.

కోఠి_గల్లీ
ఇగ పార్టుల ముచ్చట. ఔట్‌పుట్‌లకు ఎంజే15003 తీస్కో, 140 వోల్టులు 20 ఆంపియర్లు 250 వాట్లు. నాలుగు గాదు, ఆరు గొను, మ్యాచింగ్ (గెయిన్ దగ్గరదగ్గరున్నవి జత చేసుడు) చేస్కోవాలె. గుజరాతీ గల్లీల అడిగితే మూడు రకాల రేట్లు జెప్తరు. అగ్గువది ముట్టకు. నకిలీ దాని మూత కోస్తే లోపల చిప్పు అగ్గిపుల్ల తలకాయంత ఉంటది, అసలుది దానికి ఎన్నో రెట్లు పెద్దగుంటది. ఒకే లాట్‌ల ఒకటి కోసి చూసుడు దండుగ అనిపిస్తది గానీ, అయిదు కాలుడు కంటే నయం.

టీఓ3_తాత
డ్రైవర్లకు బీడీ139, బీడీ140 సరిపోతాయి. ప్రతి షాపులో దొరుకుతాయి.

మైకా_పేస్టు
@టీఓ3_తాత సరిపోవు. వాటిది 80 వోల్టులే, ఇక్కడ డ్రైవరు మీద కూడా 88 దాకా వస్తుంది. 3055 కథే మళ్ళీ.

టీఓ3_తాత
అయితే టిప్41సీ, టిప్42సీ. 100 వోల్టులు, 6 ఆంపియర్లు.

మైకా_పేస్టు
100కీ 88కీ మధ్య ఉన్నది 12. రాత్రి కరెంటు 250కి పోయిందంటే రైలు (ఆ 44 వోల్టుల సప్లై లైను) 48 అవుతుంది, రెండు కలిస్తే 96. నాకు నిద్ర పట్టదు. ఎంజేఈ15030, ఎంజేఈ15031 వేయండి. 150 వోల్టులు, 8 ఆంపియర్లు. కాళ్ళ వరుస బేస్-కలెక్టర్-ఎమిటర్. షార్టైంది కిందిదే అయినా రెండూ మార్చండి, పైది దెబ్బ తిని ఉంటుంది.

టీఓ3_తాత
టిప్‌లతో ఏళ్ళ తరబడి నడుస్తున్న సెట్లు బోలెడున్నాయి. మీ నిద్ర మీది.

జెర్సీబాబాయ్
ఇక్కడ అమెరికాలో ఇవే హెడ్లు 120 మీద నడుస్తుంటాయి కాబట్టి ఒక మాట. ప్లేటు మీద 60 హెర్ట్జ్ అనే ఉంటే ఆ ట్రాన్స్‌ఫార్మర్ కోరు 50కి చేసింది కాదు. ఫ్లక్స్ (కోరులోని అయస్కాంత ప్రవాహం) వోల్టేజీని ఫ్రీక్వెన్సీతో భాగించినంత. అదే 120 వోల్టులు 50 మీద ఇస్తే ఫ్లక్స్ 20 శాతం ఎక్కువ. కోరు సాచురేట్ అయితే (ఇక పట్టనంత నిండితే) ఖాళీగా ఉన్నా వేడెక్కుతుంది, గుర్రుమంటుంది. సరిగ్గా సమానం కావాలంటే 120ని 50తో గుణించి 60తో భాగిస్తే 100 వోల్టులు. మీ స్టెప్‌డౌన్ ఎంత ఇస్తోంది?

నాలుగుతీగలు
110 అని రాసి ఉంది. మీటరులో 112. 300 వాట్లది.

జెర్సీబాబాయ్
వోల్టేజీ పర్లేదు. 120 ఇచ్చేది అయితే మార్చమనేవాణ్ణి. 300 మాత్రం చాలదు. 200 వాట్లు బయటికి రావాలంటే లోపలికి 350 దాకా లాగుతుంది. కనీసం 500 వీఏ (వోల్ట్-ఆంపియర్లు), మన దగ్గర లేబుళ్ళ మీది వాట్లు కాస్త ఉదారంగా ఉంటాయి కాబట్టి 750 తీసుకోండి. ఇంకోటి, చవక స్టెప్‌డౌన్‌లు చాలావరకు ఆటో ట్రాన్స్‌ఫార్మర్లు. ఒకే వైండింగు, మెయిన్స్ నుంచి విడదీయవు. రెండు వైండింగులున్నది అడిగి కొనండి.

సీరీస్_బల్బు
దీనికి సంబంధించిందే. బల్బుని స్టెప్‌డౌన్‌కు ముందు, 230 వైపే పెట్టండి. 110 వైపు పెడితే పూర్తి షార్టులో కూడా 230 వోల్టుల బల్బు నారింజ రంగులో నీరసంగా వెలుగుతుంది, "మసకగా ఉంది కదా" అనుకుని మోసపోతారు.

ఓం_శాంతి
వెనక గ్రౌండ్ స్విచ్ లాంటిది ఉందా? రెండు పిన్నుల ప్లగ్గా?

నాలుగుతీగలు
రెండు పిన్నులే. గ్రౌండ్ అని స్విచ్ ఉంది, అటూ ఇటూ వేస్తే హమ్మింగ్ మారుతుంది.

ఓం_శాంతి
ట్రాన్సిస్టర్ల కంటే ముందు ఆ పని చూడండి. ఆ స్విచ్ మెయిన్స్ రెండు తీగల్లో ఒకదాన్ని 0.047 మైక్రోఫారడ్ లాంటి కెపాసిటర్ ద్వారా ఛాసీకి కలుపుతుంది. పాతబడి అది షార్టైతే ఛాసీ నేరుగా లైను మీద ఉంటుంది, ఛాసీకి గిటారు తీగలు, తీగల మీద మీ చెయ్యి, ఎదురుగా మైకు. ఆటో ట్రాన్స్‌ఫార్మర్ మీద అయితే మరీ ప్రమాదం. కెపాసిటర్ కోసి తీసేయండి, స్విచ్ బొమ్మలా ఉండనివ్వండి. మూడు కోర్ల తీగ వేసి ఆకుపచ్చ-పసుపుని ఛాసీకి విడిగా బోల్టు, స్టార్ వాషరుతో బిగించండి. ట్రాన్స్‌ఫార్మర్ బోల్టు కిందే వేసేయడం సరికాదు. గోధుమ రంగు ఫేజ్ ముందు ఫ్యూజుకు, తర్వాత స్విచ్‌కు. అటువైపు స్టెప్‌డౌన్ సాకెట్టులో ఎర్త్ నిజంగా ఉందో లేదో మీటరుతో చూడండి, చాలావాటిలో ఆ రంధ్రం అలంకారం.

హమ్ముహమ్ము
పాటగాడు మైకు ముట్టుకోగానే పెదవికి చురుక్కుమనేది ఇందుకేనా. బాసిస్టు మీద కోపం అనుకున్నాం.

నాలుగుతీగలు
ఎర్త్ పని అయింది. పార్టులు తెప్పించాను. బేస్ తీగ మార్చాను, మల్టీస్ట్రాండ్‌తో. ఎలా మొదలుపెట్టాలి? నేరుగా టీఓ-3లు వేసేయనా?

మైకా_పేస్టు
వేయకండి. ముందు డ్రైవర్లతో మాత్రమే. చాలా సెట్లలో ఔట్‌పుట్‌లు లేకుండా కూడా ఫీడ్‌బ్యాక్ లూపు (ఔట్‌పుట్‌ని వెనక్కి తెచ్చి సరిచేసే దారి) డ్రైవర్ల మీదుగా మూసుకుంటుంది. స్పీకర్ లేకుండా, బల్బుతో స్విచ్ వేసి మూడు చూడండి: స్పీకర్ పాయింటులో డీసీ 50 మిల్లీవోల్టుల లోపు, డ్రైవర్ల బేస్‌ల మధ్య 2 వోల్టులు మించకుండా, బల్బు మసక. బయాస్ ప్రీసెట్‌ని (తిప్పే చిన్న రెసిస్టరు) ఎటు తిప్పితే బేస్‌ల మధ్య అంకె తగ్గుతుందో చూసి చివరిదాకా అటే తిప్పి ఉంచండి. ఈ మూడూ సరిగ్గా ఉంటేనే టీఓ-3లు.

పాతరేడియో
ఆ ప్రీసెట్ మార్చేయండి, 50 ఏళ్ళ కార్బన్. వైపరు (దాని తిరిగే కాంటాక్ట్) వదిలేస్తే ఏమవుతుందో చూసి మరీ పెట్టండి. బేస్-ఎమిటర్ వైపు ఉంటే వదిలేసినప్పుడు బయాస్ తగ్గుతుంది, క్షేమం. కలెక్టర్-బేస్ వైపు ఉంటే నిండా పెరుగుతుంది.

టీఓ3_తాత
డ్రైవర్ బేస్‌ల మధ్య 1ఎన్4148 డయోడ్లు నాలుగు సీరీస్‌లో వేస్తే సరి. మామూలుగా 2 వోల్టులే కాబట్టి పలకవు, తీగ తెగితే 2.6 దగ్గర ఆపుతాయి.

మైకా_పేస్టు
2.6 దగ్గర కూడా 0.33 ఓముల గుండా ఆంపియరు దాకా పోవచ్చు. టీఓ-3 అప్పటికప్పుడు చావదు, ఉడికి చస్తుంది.

టీఓ3_తాత
ఉడికేలోగా స్విచ్ ఆపే టైం ఉంటుంది కదా. తలుపుకు గడియ చాలదని తలుపే తీసేస్తామా?

మైకా_పేస్టు
సరే, ఈసారి మీ మాటే. వేసుకోండి, నష్టం లేదు.

కోఠి_గల్లీ
మ్యాచింగ్ ఎట్ల జేస్తవంటే, మీటర్‌ల ఉండే హెచ్‌ఎఫ్‌ఈ (గెయిన్ కొలిచే) సాకెట్ చిన్న ట్రాన్సిస్టర్లకు, దీనికి పనికిరాదు. 12 వోల్టుల సప్లై తీస్కో. ప్లస్ నుంచి 1 కిలోఓం బేస్‌కు, ప్లస్ నుంచి 1 ఓం 10 వాట్లది కలెక్టర్‌కు, ఎమిటర్ మైనస్‌కు. బేస్ కరెంటు 11.3 మిల్లీఆంపియర్లు. 1 ఓం మీద 0.45 వోల్టులు వస్తే గెయిన్ 40. హీట్‌సింక్ ముక్క మీద పెట్టి రెండు సెకండ్లల్ల చదువు, వేడెక్కితే అంకె పెరుగుతనే ఉంటది. జతల 20 శాతం లోపల ఉంటే చాలు.

పాతరేడియో
మైకా (ట్రాన్సిస్టర్‌కీ హీట్‌సింక్‌కీ మధ్య కరెంటు పోకుండా పెట్టే పల్చటి రేకు) గురించి ఎవరూ అనలేదు, పేరు పెట్టుకున్న ఆయనతో సహా. పాత మైకా ఒలిచి కొత్తది వేయండి. హీట్‌సింక్ రంధ్రాల అంచుల్లో బర్రు (లేచిన లోహపు ముల్లు) ఉంటే పెద్ద డ్రిల్ బిట్టు చేత్తో తిప్పి తీసేయండి, అది మైకాని పొడుస్తుంది. పేస్టు రెండు వైపులా పల్చగా, బ్రెడ్డు మీద వెన్నలా కాదు. బిగించాక ట్రాన్సిస్టర్ ఒళ్ళుకీ హీట్‌సింక్‌కీ మధ్య మీటరు ఏమీ చూపించకూడదు. నాలుగింటికీ చూడండి. సాకెట్ల స్ప్రింగులు వదులై ఉంటే కొత్తవి వేయండి.

నాలుగుతీగలు
డ్రైవర్లతో మాత్రమే: ఆఫ్‌సెట్ (స్పీకర్ పాయింటులో డీసీ) 18 మిల్లీవోల్టులు, బేస్‌ల మధ్య 1.6. బల్బు మసక. టీఓ-3లు వేశాను, బల్బు ఇంకా మసకే. ఒక 0.33 ఓం మీద మిల్లీవోల్టులు చూస్తూ ప్రీసెట్ తిప్పుతున్నాను. ఎంతకు పెట్టాలి?

మైకా_పేస్టు
6 నుంచి 7 మిల్లీవోల్టులు. 6.6 అంటే ఒక్కోదానికి 20 మిల్లీఆంపియర్లు. ముందు బల్బుతో 3 దగ్గర పెట్టి, తర్వాత బల్బు తీసి, మెల్లగా 6.6కి. 20 నిమిషాలు వదిలి మళ్ళీ చూడండి. మొత్తం మీద మూడున్నర వాట్లే ఖర్చు, హీట్‌సింక్ చేతికి తెలిసీ తెలియనట్టు ఉండాలి.

నాలుగుతీగలు
తేడాగా ఉంది. 6.6 పెట్టాను, పది నిమిషాల్లో హీట్‌సింక్ చెయ్యి పెట్టలేనంత వేడి. మిల్లీవోల్టులు నిలకడగా లేవు, నా చెయ్యి బోర్డు దగ్గరకు పోతే మారుతున్నాయి. ఔట్‌పుట్ దగ్గరున్న 10 ఓముల రెసిస్టరు గోధుమ రంగుకు తిరిగింది. సిగ్నల్ ఏమీ ఇవ్వలేదు.

ఓం_శాంతి
ఆపండి. ఆసిలేషన్. ఆ 10 ఓములూ దాని పక్కన 0.1 మైక్రోఫారడూ ఔట్‌పుట్‌కు అడ్డంగా ఉంటాయి. ఆడియోలో ఆ దారిన దాదాపు ఏమీ పోదు. అది కాలుతోందంటే వినపడని ఫ్రీక్వెన్సీలో ఆంప్ అరుస్తోంది. కారణం మనం వేసిన కొత్త సరుకే. పాత హోమెటాక్సియల్ (అప్పటి తయారీ రకం) ట్రాన్సిస్టర్లు నత్తలు, మెగాహెర్ట్జ్ లోపే చేతులెత్తేసేవి, సర్క్యూట్‌ని వాటి నెమ్మదికి తగ్గట్టు చేశారు. ఎంజే15003 కనీసం 2 మెగాహెర్ట్జ్, కొత్త డ్రైవర్లు 30. ఎంజే21194 లాంటివి వేసి ఉంటే ఇంకా కష్టం.

స్కోప్ లేకపోతే మీడియం వేవ్ రేడియో దగ్గర పెట్టి ట్యూనింగ్ అటూ ఇటూ తిప్పండి. ఆంప్ ఆన్ చేసినప్పుడే ఎక్కడైనా ఈల వస్తే అదే.

నాలుగుతీగలు
విజయవాడ స్టేషన్ 837 దాటాక కొంచెం పైన ఈల. ఆంప్ ఆపితే పోతోంది.

హమ్ముహమ్ము
బాస్ ఆంప్ కాదు, ఆకాశవాణి.

ఓం_శాంతి
డ్రైవర్లకు ముందుండే వోల్టేజ్ ఆంప్లిఫయర్ ట్రాన్సిస్టరు చూడండి, కలెక్టర్ నుంచి బేస్‌కు చిన్న సిరామిక్ కెపాసిటర్ ఉంటుంది. ఎంత?

నాలుగుతీగలు
33 పికోఫారడ్.

ఓం_శాంతి
దాని మీద సమాంతరంగా 47 పికో వేయండి. 50 వోల్టులది కాదు, దాని మీద దాదాపు రైలంతా ఊగుతుంది, కనీసం 200 వోల్టులది. కాళ్ళు పొట్టిగా. చాలకపోతే ఒక్కో టీఓ-3 బేస్‌కు 2.2 ఓములు సీరీస్‌లో. కాలిన 10 ఓముల్ని 2 వాట్లదానితో మార్చండి, 0.1 కూడా.

నాలుగుతీగలు
47తోనే ఈల పోయింది. 20 నిమిషాల తర్వాత 6.8 మిల్లీవోల్టులు, హీట్‌సింక్ గోరువెచ్చన. ఆఫ్‌సెట్ 21. ఇప్పుడు లోడు పెట్టి చూడాలి, స్పీకరు పెట్టేయనా?

సీరీస్_బల్బు
ఇందులో డీసీ రక్షణ రిలే లేదు. ఏదైనా పోతే 44 వోల్టులు నేరుగా వాయిస్ కాయిల్‌కు (స్పీకరు లోపలి తీగచుట్టకు). 2000 వాట్ల కరెంటు పొయ్యి కాయిల్ కొనండి, మొత్తం 26 ఓములు. ఆరు సమాన ముక్కలు చేస్తే ఒక్కోటి 4.4. ఒక ముక్క ప్లాస్టిక్ బకెట్టు నీళ్ళలో ముంచి లోడుగా పెట్టండి. 200 వాట్లకు దాంట్లో 6.7 ఆంపియర్లు, కాయిల్ మామూలుగా మోసేది 8.7. పొయ్యి కాయిల్ టంకం పట్టదు, నట్టు బోల్టుతో బిగించాలి. లోడు మీద అరగంట నడిచాక పాత స్పీకరు, ఆ తర్వాతే మంచి క్యాబినెట్.

నాలుగుతీగలు
నడిచింది, బకెట్టు నీళ్ళు స్నానానికి సరిపోయేంత కాగాయి. స్పీకరు కూడా పెట్టాను. శబ్దం శుభ్రంగా ఉంది, కానీ అడుగు లేదు. ఈ తీగ పల్చగా పలుకుతోంది.

హమ్ముహమ్ము
ఈ తీగ అంటే ఏ తీగ?

నాలుగుతీగలు
ఏ తీగ కాదు, ఈ తీగే. అన్నింటికన్నా లావుది 😀

పాతరేడియో
ఈ తీగ 41 హెర్ట్జ్. అక్కడ పల్చబడుతోందంటే ఎలక్ట్రోలిటిక్ కెపాసిటర్లు ఎండాయి. ఫీడ్‌బ్యాక్ దారిలో 1 కిలోఓంకు సీరీస్‌గా గ్రౌండుకు పోయేది ఒకటుంటుంది, 47 మైక్రోఫారడ్ అనుకోండి. మంచిగా ఉంటే 3.4 హెర్ట్జ్ దాకా గెయిన్ నిలుస్తుంది. ఎండి 2 మైక్రోఫారడ్‌కు పడితే 80 హెర్ట్జ్ కిందంతా జారిపోతుంది. తీసి కొలవండి. ప్రీఆంప్‌లో (పవర్ ఆంప్‌కు ముందుండే భాగం) స్టేజికీ స్టేజికీ మధ్య ఉన్న 1, 5, 10 మైక్రోఫారడ్‌లు కూడా గుత్తగా మార్చేయండి, ఒక్కోటి వెతకడం టైం దండగ. పోలారిటీ బోర్డు మీద తిరగేసి అచ్చైన సందర్భాలున్నాయి, పాతది ఎలా ఉందో ఫోటో తీసుకుని పీకండి.

జెర్సీబాబాయ్
పెద్ద ఫిల్టర్ డబ్బాలు కూడా చూడండి. లోడు మీద రైలుకు ఏసీ రేంజి పెట్టి రెండు వైపుల రిపుల్ (డీసీ మీద మిగిలే ఏసీ అల) పోల్చండి. ఒకటి రెండోదానికి రెట్టింపుంటే ఆ డబ్బా అయిపోయింది. మారిస్తే రెండూ మార్చాలి. 63 వోల్టులది చాలు. సామర్థ్యం ఎక్కువ పెడితే మంచిదని 22000 మైక్రోఫారడ్‌లవి పెట్టకండి, ఆన్ చేసినప్పటి కరెంటు తోపుకు బ్రిడ్జి, స్విచ్ నలుగుతాయి.

నాలుగుతీగలు
ఆ 47 తీసి కొలిస్తే 1.8. మార్చాను, ఈ తీగ కిటికీ ఊపుతోంది. ప్రీఆంప్‌లో పదకొండు మార్చాను. రిపుల్ రెండు వైపులా సమానం. ఇంకా ఒకటి మిగిలింది, మధ్యమధ్యలో శబ్దం సగానికి పడిపోయి, గట్టిగా ఒక నోటు వాయిస్తే తిరిగి వస్తుంది.

మైకా_పేస్టు
వెనక ప్రీఆంప్ ఔట్, పవర్ ఆంప్ ఇన్ జాకులున్నాయా? రెండింటి మధ్య పొట్టి గిటారు తీగ గుచ్చి వాయించండి. జబ్బు పోతే ఇన్ జాక్ లోపలి స్విచ్ కాంటాక్ట్‌కు చిలుము పట్టింది.

నాలుగుతీగలు
పోయింది!

పాతరేడియో
కాంటాక్ట్ క్లీనరు చుక్క వేసి ప్లగ్గు ఇరవైసార్లు గుచ్చి తీయండి, లేదా జాక్ మార్చండి. తుప్పు వదిలించే స్ప్రేలు కొట్టకండి, పాట్‌లలో (వాల్యూమ్ లాంటి తిప్పే కంట్రోళ్ళలో) ట్రాక్ జిగురు కరుగుతుంది.

టీఓ3_తాత
కాలిన నాలుగు 3055లు సరే. పాతవాటిలో షార్ట్ కాని రెండూ ఏం చేశారు?

నాలుగుతీగలు
డబ్బాలో ఉన్నాయి. గెయిన్ కొలిస్తే 34, 37.

టీఓ3_తాత
అయితే 12 వోల్టుల బెంచ్ సప్లై కట్టుకోండి. ఒకటి పాస్ ట్రాన్సిస్టర్ (సప్లై కరెంటంతా దాని గుండానే పోతుంది), ఒకటి స్పేరు. కోఠి అన్న చెప్పిన మ్యాచింగ్‌కు సప్లై ఎవరి దగ్గర అప్పు తెచ్చారో వాళ్ళకు తిరిగిచ్చేయొచ్చు.

కోఠి_గల్లీ
గా సప్లైకి కూడా సీరీస్ బల్బు పెట్టుడు మర్వకు.